78 డిగ్రీల ఉత్తరాన గ్లేసియర్ లెక్క తీసిన ఏడు – నా అనుభవం

"గంత దూరం పోయి కట్టెకు టేపు పెట్టి కొలుచుడేనా బిడ్డా?" అని బాపు ఫోన్‌ల అడిగిండు. అవును బాపు అన్న. నిజంగనే పని అదే. పోయినేడు మంచుగడ్డల పాతిన కట్టె ఎంత బయట ఉండె, ఈ ఏడు ఎంత బయట ఉంది, అంతే. కానీ ఆ ఒక్క నంబర్ కరెక్ట్‌గ తేవాలంటే ఏడాదిల రెండుసార్లు ఆర్కిటిక్ పోవాలె, నడుముల్లోతు గుంతలు తవ్వాలె, తుపాకి పట్టుడు నేర్వాలె. అదంతా ఒకసారి రాసి పెట్టుకుందామని చానా రోజుల నుంచి అనుకుంటున్న, ఇయ్యాల కూసున్న.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిల సర్వే సెక్షన్ మజ్దూర్, ముప్పై ఏండ్లు స్టాఫ్, అంటే గీతలున్న కొలత కర్ర, పట్టుకొని నిలబడ్డడు. బొగ్గు తీసినంక పైన భూమి కుంగుతది కదా, ఎంత కుంగిందో చూసేటందుకు పాతిన రాళ్ళ మీద స్టాఫ్ నిలబెట్టి లెవెల్ చూస్తరు, నెలకోసారి, అదే రాయి, అదే జాగ. చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు బాపు ఎంబడి పోయిన. కండ్లకు ఏం తేడా కనవడకపోయేది, ఉన్న భూమి ఉన్నట్టే అనిపించేది, కానీ లెవెల్ బుక్కుల మాత్రం నెల నెలకు దిగిపోతా ఉండేది. ఇప్పుడు నేను చేసేది కూడా అదే పని. కాకపోతే కుంగేది భూమి కాదు, ఐస్.

నేను పీహెచ్‌డీ చేసేది గ్లేసియర్ మాస్ బ్యాలెన్స్ మీద. గ్లేసియర్ అంటే హిమానీనదం అని పుస్తకాల్ల రాస్తరు, మేం మాత్రం గ్లేసియర్ అనే అంటం. మాస్ బ్యాలెన్స్ అంటే ఏందో మా అమ్మకు చెప్పిన పద్ధతిలనే చెప్తా. ఊరి చెరువు ఉందనుకో. వానకాలం వరద ఎంత వచ్చింది, ఎండకాలం తూముల నుంచి, మత్తడి మీదికెల్లి ఎంత పోయింది, ఏడాది చివరికి చెరువు పోయినేటి కంటే ఎక్కువున్నదా తక్కువున్నదా. గ్లేసియర్‌కు వరద అంటే చలికాలంల పడే మంచు. పోయేది ఎండకాలంల కరిగే నీళ్ళు. లెక్క సంవత్సరం మనది జనవరి కాదు, అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా. ఏప్రిల్ మే ల వచ్చిన మంచు కొలుస్తం, సెప్టెంబర్‌ల పోయింది కొలుస్తం.

నేను పోయింది 2024ల, రెండుసార్లు. జాగ నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులల నీ-ఓలెసుండ్ అనే చిన్న ఊరు, 78 డిగ్రీల 55 నిమిషాల ఉత్తర అక్షాంశం, అక్కడికెల్లి నార్త్ పోల్ సుమారు 1200 కిలోమీటర్లే. ఇండియా స్టేషన్ హిమాద్రి అక్కడనే ఉంది, 2008 జూలైల ఓపెన్ చేసిన్రు, గోవాల ఉన్న ఎన్‌సీపీఓఆర్, అంటే ధ్రువాల మీద, సముద్రాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ, వాళ్ళు నడిపిస్తరు. 2023 డిసెంబర్ నుంచి చలికాలంల గూడ మనోళ్ళు ఉంటున్నరు.

పోయేటోళ్ళకు ఒక మాట. స్వాల్‌బార్డ్ నార్వేదే గానీ షెంగెన్, అంటే ఒకే వీసాతోటి తిరిగే యూరప్ దేశాల గుంపు, లోపటికి రాదు. ఓస్లో మీదుగ పోతం కాబట్టి ఒకసారి షెంగెన్‌ల దిగినట్టు, స్వాల్‌బార్డ్ పోయేటప్పుడు బయటికి పోయినట్టు, వాపస్ వచ్చేటప్పుడు మళ్ళ దిగినట్టు లెక్క. అందుకే డబుల్ ఎంట్రీ వీసా ఉండాలె, సింగిల్ ఎంట్రీతోటి పోతే వాపస్ వచ్చేటప్పుడు ఇబ్బందే. నేను అప్లికేషన్ నింపేటప్పుడు ఫస్ట్ సింగిలే టిక్ పెట్టిన, మా సీనియర్ చూసి మార్పించింది, లేకపోతే ఆఖరి నిమిషంల కథ అయ్యేది.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఓస్లో, ట్రోమ్‌సో, లాంగ్‌యర్‌బ్యెన్. అక్కడికెల్లి చిన్న ప్రొపెల్లర్ విమానం, పదిమందికి కొంచెం ఎక్కువ పడతరు, మనుషులను గూడ సామాన్లతోటి పాటు తూకం వేసి ఎక్కిస్తరు. అరగంట లోపే దిగుతం. ఆ అరగంటల కిటికీలకెల్లి చూస్తే కింద అంతా తెలుపు, మధ్యల నల్లటి కొండ శిఖరాలు, స్వాల్‌బార్డ్ భూమిల సగానికి పైన ఐస్ కిందనే ఉంటది.

దిగంగనే ఫోన్ ఫ్లైట్ మోడ్‌ల పెట్టాలె, తర్వాత తియ్యొద్దు. వైఫై బంద్, బ్లూటూత్ బంద్, స్మార్ట్ వాచ్ బంద్, వైర్‌లెస్ మౌస్ గూడ బంద్. అక్కడ పెద్ద రేడియో ఆంటెన్నాలు ఉన్నయి, అంతరిక్షంల చానా దూరంల ఉన్న క్వేజార్ల (బాగ వెలిగే గెలాక్సీ నడిబొడ్డుల) నుంచి వచ్చే సిగ్నల్ పట్టి భూమి తిరుగుడు, ఖండాలు జరుగుడు కొలుస్తయి. ఆ సిగ్నల్ ఎంత సన్నగ ఉంటదంటే పక్కన ఒక బ్లూటూత్ ఇయర్‌ఫోన్ నడిచినా పాడైతది. కాబట్టి ఇంటికి మాట్లాడాలంటే లాప్‌టాప్‌కు కేబుల్ పెట్టుకొని కూసోవాలె.

ఇంకోటి, ఏ బిల్డింగ్‌లకు పోయినా బూట్లు గుమ్మంలనే ఇడవాలె. ఎందుకని అడిగితే ఇది బొగ్గు ఊరు, బాయిల నుంచి వచ్చేటోళ్ళ బూట్లకు బొగ్గు మసి ఉండేది, ఆ అలవాటు అట్లనే నిలిచిపోయింది అన్నరు. నాకు ఒళ్ళు జల్లుమన్నది. మా ఇంట్ల గూడ బాపు డ్యూటీ దిగి రాంగనే బూట్లు వాకిట్లనే ఇడిచేది, అమ్మ లోపటికి రానిచ్చేది కాదు. అక్కడ 1962ల బాయిల పేలుడు అయ్యి 21 మంది చచ్చిపోయిన్రు, తర్వాత ఏడు బాయి మూసేసిన్రు, ఆ ప్రమాదం మీద గొడవై 1963ల నార్వే ప్రభుత్వమే పడిపోయింది. ఇప్పుడు ఆ బాయి ఊర్లనే పది దేశాలకు పైన సైంటిస్టులు ఉంటరు. అప్పటి చిన్న రైలింజన్ ఇంకా ఊరి నడుమ నిలబెట్టి ఉంది. దాని పక్కన ఫోటో దిగి బాపుకు పంపిన, ఇంక వేరే ఏ ఫోటో మీదా అన్ని ప్రశ్నలు అడగలే.

ఊరు దాటాలంటే తుపాకి ఉండాలె, ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతయి. ముందు ట్రైనింగ్ ఇస్తరు, రైఫిల్ కాల్చుడు, ఫ్లేర్ గన్ (వెలుగు, సప్పుడుతోటి బెదిరించేది) వాడుడు. చంపుడు కోసం కాదు, ఫస్ట్ దూరం ఉండుడు, తర్వాత బెదిరించుడు, రైఫిల్ ఆఖరిది. నేను పుట్టి బుద్ధెరిగి తుపాకి ముట్టుకోలే. భుజం రెండు రోజులు నొచ్చింది.

ఇగ అసలు పనికొస్తా.

ఏప్రిల్ ఆఖరు. అప్పటికే రాత్రి అనేది లేదు, ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్ట్ ఆఖరి దాకా అక్కడ పొద్దు గూకదు. స్నో స్కూటర్ల మీద గ్లేసియర్ ఎక్కినం. మాది వెస్ట్రె బ్రోగర్‌బ్రెయెన్, అంటే పడమటి బ్రోగర్ గ్లేసియర్. దాని పక్కదే ఆస్ట్రె బ్రోగర్‌బ్రెయెన్, తూర్పుది, దాన్ని నార్వే వాళ్ళు 1967 నుంచి ఒక్క ఏడు గూడ ఇడవకుండ కొలుస్తున్నరు. ఆ పక్కన మిడ్రె లోవెన్‌బ్రెయెన్ 1968 నుంచి. ఇంతకాలం ఇడవకుండ కొలిచిన గ్లేసియర్లు ఆర్కిటిక్ మొత్తంల చానా తక్కువ. ఆ యాభై ఏడేండ్లల ఆ తూర్పు గ్లేసియర్ లాభంల ఉన్న ఏండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మిగిలినయన్ని నష్టమే. ఈ మాట పేపర్లల చదివినప్పుడు ఏమనిపించలే. ఆ ఐస్ మీద నిలబడి, ఇక్కడికి మా అమ్మ పుట్టకముందు నుంచి ఎవరో ఒకరు ఏటా టేపు పట్టుకొని వస్తున్నరు అనుకుంటే మాత్రం వేరేగ అనిపించింది.

చలికాలం మంచు కొలుచుడు రెండు భాగాలు. లోతు, సాంద్రత. లోతుకు ప్రోబ్ ఉంటది, సన్న లోహపు కడ్డీ, దాని మీద సెంటీమీటర్ల గీతలు. మంచుల గుచ్చితే మెత్తగ దిగుతది, దిగి దిగి ఒకచోట టక్కుమంటది, అది పోయిన ఎండకాలపు ఐస్. ఆ సప్పుడు చేతికి తెలుస్తది. చదివి రాసుకొని, కొంత దూరం పోయి మళ్ళ గుచ్చాలె, ఇట్ల గ్లేసియర్ కింది నుంచి పై దాకా. గాలి మంచును ఒకచోట ఊడ్చుకపోయి ఇంకోచోట కుప్పపోస్తది కాబట్టి నాలుగు చోట్ల చూసి సరిపెట్టుకుంటే తప్పు లెక్క వస్తది. స్కూటర్ ఎనుక రాడార్ కట్టి లాగుతరు గూడ, అది గీత గీసినట్టు లోతు చెప్తది, కానీ రాడార్ చెప్పింది నిజమా కాదా చూడాలంటే మళ్ళ ప్రోబే గుచ్చాలె.

ఒక తిప్పలు ఉంది. ఈ మధ్య స్వాల్‌బార్డ్‌ల నడి చలికాలంల గూడ వానలు పడుతున్నయి. వాన నీళ్ళు మంచుల ఇంకి గడ్డకట్టి లోపట గట్టి పొర అయితది. ప్రోబ్ దానికి తాకి టక్కుమంటది, కొత్తోళ్ళు అదే కింది ఐస్ అనుకుంటరు. ఫస్ట్ రోజు నేను అట్లనే 60 సెంటీమీటర్లని రాసిన. మా గైడ్ సార్ వచ్చి ఇంకా గట్టిగ ఒత్తు అన్నరు, ఒత్తితే పగిలి ఇంకో అరమీటర్ దిగింది. అప్పటిదాకా చేసిన పదకొండు పాయింట్లు వెనుకకు పోయి మళ్ళ చేసిన. వేళ్ళకు స్పర్శ లేదు, అయినా చేసిన, ఎందుకంటే ఆ పదకొండు తప్పులు అట్లనే కూడికల కలిసిపోతే తర్వాత ఎవ్వరూ పట్టుకోలేరు.

సాంద్రతకు గుంత తవ్వాలె. ఇది నాకు అన్నింటి కంటే ఇష్టమైన పని. మంచును ఐస్ తగిలే దాకా చతురస్రంగ తవ్వి, ఎండ తగలని దిక్కు గోడ నున్నగ చెక్కుతం. ఆ గోడను చూస్తే చలికాలం మొత్తం కథ పొరలు పొరలుగ కనిపిస్తది, ఇక్కడ పెద్ద మంచు తుపాను, ఇక్కడ వాన పడి గడ్డకట్టిన పొర, అడుగున చక్కెర లెక్క జలజల రాలే గింజలు. పై నుంచి కింది దాకా పది పది సెంటీమీటర్లకు ఒక స్టీల్ గొట్టం అడ్డంగ దింపి మంచు తీస్తం. గొట్టం పట్టేది 500 సీసీ. తీసిన మంచును సంచిల పోసి తక్కెట్ల పెడితే పైన పొర 140 గ్రాములు వచ్చింది, నడుమ 195, అడుగున ఇంకా ఎక్కువ. 500 సీసీకి 195 గ్రాములంటే సాంద్రత 0.39. నీళ్ళది 1. అంటే ఆ మంచు కరిగిస్తే అయిదింట రెండు వంతుల కంటే కొంచెం తక్కువ నీళ్ళు. ఆ గుంతల మంచు 1.30 మీటర్లు, సగటు సాంద్రత 0.39, రెండూ గుణిస్తే దాదాపు 0.51 మీటర్ల నీళ్ళు. దీన్నే వాటర్ ఈక్వివలెంట్ అంటరు, మా లెక్కలన్నీ ఇందులనే నడుస్తయి. మెత్తటి మంచు మీటర్‌నూ గట్టి ఐస్ మీటర్‌నూ ఉన్నదున్నట్టు కూడితే బస్తా దూదినీ బస్తా బియ్యాన్నీ కలిపి రెండు బస్తాలు అన్నట్టు ఉంటది.

గుంతల ఉన్నోళ్ళకు బయట ఏముందో కనవడదు. అందుకే ఒక్క మనిషి ఏ పనీ చెయ్యకుండ పైన తుపాకితోటి నిలబడి చుట్టూ చూసుడే. చలిల ఊకె నిలబడుడు తవ్వుడు కంటే కష్టం. వంతులు వేసుకున్నం. మా టీమ్‌ల కేరళ అన్న ఒకాయన తన వంతు అయిపోయినా నన్ను గుంతలనే ఉండనిచ్చిండు, నువ్వు గోడ చదువు, నేను చూసుకుంట అని. ఆయనకు నేను రుణపడి ఉన్న.

మే ల ఇంటికొచ్చిన. ఎండకాలం సెలవులల ఖని పోతే అమ్మ అడిగింది, ఆ మంచు కరిగితే మనకేందే అని. నేను చెప్పిన. సముద్రం మీద తేలే మంచు కరిగితే నీటిమట్టం పెద్దగ మారదు, భూమి మీద ఉన్న ఐస్ కరిగి సముద్రంల కలిస్తేనే పెరుగుతది. గ్రీన్‌లాండ్ ఒక్కటే 2002 నుంచి సగటున ఏడాదికి సుమారు 27,000 కోట్ల టన్నుల ఐస్ పోగొట్టుకుంటున్నది, అంటార్కిటికా 15,000 కోట్ల టన్నుల దగ్గర్ల. సుమారు 36,000 కోట్ల టన్నులు సముద్రంల పడితే ప్రపంచమంతా ఒక్క మిల్లీమీటర్ లేస్తది. ఒక మిల్లీమీటరేనా అన్నది అమ్మ. ఏటా అమ్మా అన్న. ఇంకో ముచ్చట చెప్పిన, అది విని బాపు గూడ టీవీ సౌండ్ తగ్గించిండు. గ్రీన్‌లాండ్ ఐస్‌కు ఎంత బరువంటే చుట్టుపక్కల సముద్రాన్ని తన దిక్కు గుంజుకుంటది. ఐస్ పోతే ఆ గుంజుడు తగ్గుతది, అప్పుడు గ్రీన్‌లాండ్ పక్కన నీళ్ళు దిగుతయి, దూరాన ఉన్న తీరాలకు ఎక్కువ లేస్తయి. కరిగేది అక్కడ, లేసేది మన కాకినాడ, బందరు దిక్కు.

మరి అంత పెద్ద గ్రీన్‌లాండ్ బరువు ఎట్ల తూస్తరు అని బాపు అడిగిండు. కట్టెలతోటి కాదు. గ్రేస్ అని రెండు ఉపగ్రహాలు 2002ల పంపిన్రు, 2017 దాకా పనిచేసినయి, 2018 నుంచి వాటి తర్వాతి జంట తిరుగుతున్నది. ఒకదాని ఎనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతోటి పోతయి. కింద బరువు ఎక్కువున్న జాగ రాంగనే ముందున్నది కొంచెం ముందుకు గుంజబడుతది, ఎడం పెరుగుతది, వెంట్రుక మందం కంటే చానా తక్కువ తేడానైనా పట్టుకుంటయి, దాన్ని బట్టి కింద బరువు ఎంత మారిందో లెక్కతీస్తరు. ఐస్‌శాట్-2 అని ఇంకోటి ఉంది, 2018ల పోయింది, సెకనుకు పదివేల లేజర్ దెబ్బలు కొట్టి ఐస్ పై ఎత్తు కొలుస్తది. బాపు కొద్దిసేపు ఆలోచించి, ఎత్తు దిగిందని తెలుస్తది సరే, దిగింది గట్టి ఐసా మెత్తటి మంచా పైనుంచి ఎట్ల తెలుస్తది అన్నడు. నేను మూడేండ్లు చదివి అర్థం చేసుకున్న ప్రశ్న అది, ఆయన స్టాఫ్ పట్టిన అనుభవంతోటి అడిగిండు. తెలవదు బాపు, అందుకే ఎవరో ఒకరు గుంత తవ్వాలె, కట్టె పాతాలె, ఆ నంబర్లతోటి ఉపగ్రహం లెక్కను సరిచూడాలె అని చెప్పిన.

ఆ ఎండకాలం స్వాల్‌బార్డ్‌ల ఘోరంగ ఉండె. లాంగ్‌యర్‌బ్యెన్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆగస్ట్ నెల సగటే 11 డిగ్రీలు, అంతకుముందు ఎన్నడూ లేదు. ఐస్ కరుగుడు గూడ పాత రికార్డులన్నీ దాటేసింది. మేం సెప్టెంబర్‌ల పోయేసరికి ఏం కనవడుతదో అని విమానంలనే గుండె దడదడ కొట్టుకుంది.

సెప్టెంబర్‌ల స్కూటర్లు నడవయి, నడకే. గంటన్నర పైన, బండలు, బురద, వాగు పాయలు. ఆ వాగు నీళ్ళు వానకాలం గోదారి లెక్క ఎర్రగ ఉంటయి, పైన ఎర్ర ఇసుకరాయి కొండలు ఉన్నయి మరి. గ్లేసియర్ కొస ఏప్రిల్‌ల మంచు కప్పుకొని అందంగ ఉండె, ఇప్పుడు మసిగొట్టుకపోయి, మీద చిన్న చిన్న కాలువలు పారుతా, ఎక్కడ చూసినా నీళ్ళ సప్పుడు. బూట్లకు క్రాంపాన్లు, అంటే ఇనుప ముండ్లు కట్టుకొని ఎక్కినం.

మొదటి స్టేక్, అంటే మేం కట్టె అనేది, దూరం నుంచే కనిపించింది. అల్యూమినియం గొట్టం. పోయిన సెప్టెంబర్‌ల టీమ్ రాసిన దాని ప్రకారం ఐస్ పైన 0.70 మీటర్లు బయట ఉండాలె. నేను పక్కన నిలబడితే నా తల మీదికెల్లి ఇంకా అంత ఎత్తు ఉంది. చెయ్యి అందక సార్ టేపు పై కొసకు పట్టిన్రు, నేను కింద ఐస్‌కు పట్టిన. 3.10. మళ్ళ కొలిచినం, 3.10. అంటే 2.40 మీటర్ల ఐస్ ఏడాదిల పోయింది. ఐస్ సాంద్రత 0.9 తోటి గుణిస్తే 2.16 మీటర్ల నీళ్ళు. దీనికి తోడు ఏప్రిల్‌ల అక్కడ 90 సెంటీమీటర్ల మంచు ఉండె, అది 0.35 మీటర్ల నీళ్ళు, అది గూడ ఆనవాలు లేకుండ పోయింది. కాబట్టి ఆ ఒక్క ఎండకాలంల అక్కడ కరిగింది 2.51, చలికాలం వచ్చింది 0.35, మొత్తం మీద మైనస్ 2.16. అది రాసేటప్పుడు పెన్సిల్ పట్టిన చెయ్యి వణికింది, చలికి మాత్రమే కాదు.

పైకి పోయిన కొద్ది నష్టం తగ్గాలె, తగ్గింది గూడ. కానీ ఒక ఎత్తు దాటినంక పోయిన చలికాలపు మంచు కొంతన్న మిగిలి ఉండాలె కదా, వచ్చింది పోయింది సమానమయ్యే ఆ గీతను ఈక్విలిబ్రియం లైన్ అంటరు. ఆ ఏడు ఆ గీత గ్లేసియర్ మీద ఎక్కడా లేదు. పై కొస దాకా పోయి చూసినం, ఉత్త నల్లటి ఐస్. చెరువుకు ఎగువన వాగే ఎండిపోయినట్టు.

నాలుగో స్టేక్ దగ్గరికి జీపీఎస్ చూసుకుంట పోయినం. స్టేక్ లేదు. చుట్టూ వెతికితే పదిహేను మీటర్ల కింద కాలువల పడి ఉంది, గొట్టం మొత్తం, అడుగు కొసతోటి సహా. పోయినేడు లోపట 2.10 మీటర్లు ఉందని రాసి ఉంది. అంటే ఐస్ అంతా కరిగి కట్టె నిలబడే ఆధారం లేక పడిపోయింది. ఎంత కరిగింది? కనీసం 2.10. పడినంక ఇంకా ఎన్ని రోజులు కరిగిందో, ఎంత కరిగిందో చెప్పేందుకు అక్కడ ఏం లేదు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మూడో స్టేక్, ఐదో స్టేక్ నంబర్లు ఉన్నయి, రెండింటి మధ్యల ఎంత ఉండాలెనో సులువుగ చెప్పొచ్చు, 2.20 అనో 2.30 అనో గళ్ళల రాసేస్తే టేబుల్ నిండుగ కనిపిస్తది. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ బాపు లెవెల్ బుక్కు యాదికొచ్చింది. అందులో రబ్బర్ వాడొద్దు. తప్పు రాస్తే ఒక అడ్డగీత కొట్టి పక్కన కరెక్ట్ రాయాలె, కొట్టేసింది గూడ కనవడాలె. ఒకసారి రాయి కదిలిపోయి ఉంటే బాపు వాళ్ళ సర్వేయర్ సారు "రాయి కదిలినది, రీడింగు లేదు" అని రాయించిన్రట, నంబర్ వెయ్యలే. నేను గూడ అదే రాసిన. స్టేక్ పడిపోయినది, కనీసం 2.10 మీటర్లు, పడిన తేదీ తెలియదు. మా సార్ చూసి తలూపిన్రు, లెక్కల ఆ జాగకు అంచనా వాడినా అది అంచనా అని వేరే కాలమ్‌ల ఉండాలె అన్నరు.

అక్కడ కొత్త స్టేక్ పాతాలె. ఆవిరి డ్రిల్ మోసుకుపోయినం, ప్రెషర్ కుక్కర్ లాంటిదే, గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాగి ఆవిరి పైపులకెల్లి సన్న ముక్కులకు వస్తది, ఆ ముక్కును ఐస్ మీద నిలబెడితే వెన్నల కత్తి దిగినట్టు దిగుతది. నాలుగు మీటర్లు దిగినంక గ్యాస్ అయిపోయింది. సిలిండర్ మార్చేటప్పుడు పైపును పైకి తియ్యాలె, నేను తియ్యలే, రెండు నిమిషాలే కదా అనుకున్న. ఈ గ్లేసియర్ లోపట చలి సున్నా డిగ్రీల కంటే కింద ఉంటది. గుంతల నీళ్ళు గడ్డకట్టి పైపును పట్టేసుకున్నయి. గుంజితే రాదు. గట్టిగ గుంజితే తెగుతది, తెగితే ఆ సీజన్‌కు డ్రిల్లు లేనట్టే, మిగిలిన మూడు స్టేకులు పాతలేం. అందరం ఆగిపోయినం. సార్ ఒక్క మాట అనలే. పొయ్యి మళ్ళ ముట్టించి సన్నగ ఆవిరి పంపుకుంట, పైపును అటూ ఇటూ తిప్పుకుంట, నలభై నిమిషాలు మోకాళ్ళ మీద కూసున్న, ముఖం ఐస్‌కు ఆనించి లోపటి సప్పుడు వింటున్న. ఒక్కసారి బుడబుడమని పైపు కదిలింది. ఆ తర్వాత ఎనిమిది మీటర్ల దాకా ఆపకుండ దింపినం. అప్పటి నుంచి ఇంక ఎవరు డ్రిల్ పట్టినా సిలిండర్ తూకం ముందే చూసి చెప్పుడు నా పని.

పాయింట్ల నంబర్లు అన్నీ వచ్చినంక గ్లేసియర్‌ను ఎత్తు పట్టీలుగ కోస్తం, 50 మీటర్లకో పట్టీ అనుకో, ఒక్కో పట్టీకి వైశాల్యం ఎంత, అందులో స్టేకుల సగటు ఎంత, గుణించి అన్నీ కూడి మొత్తం వైశాల్యంతోటి భాగిస్తే ఒక్క నంబర్ వస్తది. గ్లేసియర్ ఏటా చిన్నగైతది కాబట్టి పాత మ్యాప్ వైశాల్యమే వాడుకుంట పోతే లెక్క తప్పుతది, మ్యాప్ గూడ కొత్తది చేస్తుండాలె. ఇట్ల వచ్చిన నంబర్లు ప్రపంచం నలుమూలల నుంచి స్విట్జర్లాండ్ జ్యూరిక్‌ల ఉన్న గ్లేసియర్ మానిటరింగ్ సర్వీస్‌కు చేరతయి.

మా గ్లేసియర్ భూమి మీదనే ఆగిపోతది కాబట్టి కట్టెలు సరిపోతయి. అదే ఫ్యోర్డ్ (కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) చివరల ఉన్న క్రోనెబ్రెయెన్ అయితే సముద్రంలకు దిగుతది. సాయంత్రాలు ఊర్ల కూసుంటే దూరం నుంచి ఉరిమినట్టు వినిపించేది, ఐస్ గోడలు విరిగి నీళ్ళల పడుడు అది. అట్లాంటి దానికి కట్టె సగమే చెప్తది. అది ఎంత వేగంగ జరుగుతున్నదో, కొస దగ్గర ఎంత మందం, ఎంత వెడల్పు ఉన్నదో కూడా తీసుకొని విరిగిపోయింది వేరే కూడాలె. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల కష్టమంతా ఇక్కడనే ఉంది, అంటార్కిటికా నష్టంల పెద్ద భాగం పైన కరుగుడు కాదు, కింద వెచ్చటి సముద్రపు నీళ్ళు తాకి అంచులు పల్చబడి, ఎనుక ఐస్ గబగబ జారుడు.

ఆఖరి రోజు మళ్ళ నాలుగో స్టేక్ దగ్గరికి పోయినం, గుంతల నీళ్ళు గడ్డకట్టి గొట్టం గట్టిగ నిలబడ్డదా లేదా చూసేందుకు. ఊపి చూసిన, కదలలే. టేపు పెట్టి కొలిచినం. ఆ రోజు రాత్రి కేబుల్ పెట్టుకొని బాపుకు ఫోన్ చేసిన. ఎంతున్నది బయట అన్నడు. 0.82 అన్న. రెండుసార్లు కొలిచినవా? కొలిచిన బాపు. తేదీ రాసినవా, ఎవరు కొలిచిన్రో రాసినవా? రాసిన. మరి వచ్చే ఏడు నువ్వే పోతవా అన్నడు. తెలవదు బాపు, ఎవరు పోయినా చదువుకునేటట్టు రాసి పెట్టిన అన్న. సరే బిడ్డా, ఇగ పండుకో అన్నడు.